ఆర్ అండ్ డీ టెక్నీషియన్లు: రెండు దేశాల లెక్కలు పోల్చాలంటే

మా నాన్న 31 ఏళ్లు తార్నాక వైపు ఒక పరిశోధనశాలలో, గ్లాస్ బ్లోయింగ్ సెక్షన్‌లో పనిచేశారు. శాస్త్రవేత్తలు కాగితం మీద బొమ్మ గీసుకుని వచ్చేవారు: ఇక్కడ మెడ, ఇక్కడ రెండు మూతులు, పక్కన స్టాప్‌కాక్. నాన్న ఊదారంగు కళ్లద్దాలు పెట్టుకుని, ఆక్సిజన్ మంట మీద బోరోసిలికేట్ గొట్టాన్ని తిప్పుతూ, పళ్ల మధ్య రబ్బరు ట్యూబుతో లెక్కగా ఊదుతూ, సాయంత్రానికి ఆ బొమ్మను గాజులో చేసిచ్చేవారు. సర్వీసు పుస్తకంలో ఆయన హోదా టెక్నీషియన్. దేశాలను పోల్చడానికి వాడే అంతర్జాతీయ ఆర్ అండ్ డీ (పరిశోధన, అభివృద్ధి) లెక్కలో మాత్రం ఆయన టెక్నీషియన్ కింద పడరు.

ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. అప్పటికే ఒక సమావేశంలో మన దేశం, దక్షిణ కొరియా టెక్నీషియన్ల సంఖ్యలు పక్కపక్కన పెట్టి గ్రాఫు చూపించి, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. తర్వాత ఒకాయన మెల్లగా దగ్గరికొచ్చి, "ఆ రెండు అంకెలూ ఒకే కొలతవేనా అండీ?" అని అడిగారు. కావు. ఒకటి తలలెక్క, ఇంకొకటి పనిగంటల లెక్క. ఆ గ్రాఫును ఇప్పటికీ చెరిపెయ్యలేదు. కింద రాసినదంతా ఆ తప్పు మళ్లీ చెయ్యకుండా నేను పాటించే వరుస. మన దేశాన్ని, కొరియాను ఉదాహరణగా పెట్టుకుందాం. పద్ధతి ఏ రెండు దేశాలకైనా అదే.

మొదటి అడుగు: ప్రశ్న ఏమిటో తేల్చుకోండి

"ఎవరికి టెక్నీషియన్లు ఎక్కువ?" అన్న ఒక్క మాటలో మూడు ప్రశ్నలున్నాయి. మొత్తం ఎంతమంది? పది లక్షల జనాభాకు ఎంతమంది? వంద మంది పరిశోధకుల వెనక ఎంతమంది? మొదటిదానిలో పెద్ద దేశం ముందుంటుంది, అందులో వింతేమీ లేదు. రెండోది ప్రపంచ బ్యాంకు ఇచ్చే సూచిక. మూడోది ఎవరూ వండి వడ్డించరు, మనమే లెక్క కట్టుకోవాలి. ల్యాబ్ లోపలి సంగతి తెలిసేది మాత్రం దానితోనే. మీకు కావలసింది ఏదో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి. అంకెలు చూశాక ప్రశ్నను ఎంచుకుంటే మనకు నచ్చిన జవాబే వస్తుంది.

రెండో అడుగు: టెక్నీషియన్ అంటే ఎవరు?

సగం సమయం ఇక్కడే పెట్టాలి. తొందరపడకండి.

ఆర్ అండ్ డీ లెక్కలకు ప్రపంచమంతా వాడే నియమావళి ఫ్రాస్కాటీ మాన్యువల్. 1963లో ఇటలీలో రోమ్ దగ్గరున్న ఫ్రాస్కాటీ అనే ఊళ్లో ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) దేశాల నిపుణులు కూర్చుని దీన్ని ఖాయం చేశారు. ఊరి పేరే పుస్తకానికి నిలిచిపోయింది. ఇప్పుడు నడుస్తున్నది 2015లో వచ్చిన ఏడో కూర్పు. అది ఆర్ అండ్ డీలో పనిచేసేవాళ్లను మూడు గంపల్లో వేస్తుంది: పరిశోధకులు, టెక్నీషియన్లు, ఇతర సహాయక సిబ్బంది. కొత్త భావన, కొత్త పద్ధతి పుట్టించేవాళ్లు పరిశోధకులు. వాళ్ల పర్యవేక్షణలో శాస్త్ర, సాంకేతిక పనులు చేసేవాళ్లు టెక్నీషియన్లు. ప్రయోగాలు నడపడం, పరికరాలు చూసుకోవడం, కొలతలు నమోదు చెయ్యడం, ప్రోగ్రాములు రాయడం, సర్వేల్లో వివరాలు సేకరించడం వీళ్ల పని. చేతిపనివాళ్లు, గుమాస్తాలు, సెక్రటరీలు మూడో గంప.

చదువుతుంటే తేలిగ్గానే ఉంటుంది. హైదరాబాద్‌లోని ల్యాబుల్లోకి వెళ్లి చూస్తే చిక్కు తెలుస్తుంది.

నాన్న సంగతే తీసుకోండి. అంతర్జాతీయ వృత్తుల వర్గీకరణ, అంటే ఐఎస్‌సీఓ-08లో ల్యాబ్ టెక్నీషియన్ మూడో సమూహంలో ఉంటాడు. గాజుపనివాడు ఏడో సమూహం, చేతివృత్తులవాళ్ల వరుసలో. కాబట్టి మాన్యువల్ అక్షరం పట్టుకుంటే ఆయన మూడో గంపలోకి పోతారు. కేంద్ర ప్రభుత్వ పరిశోధన మండలి అయిన సీఎస్ఐఆర్ ల్యాబుల్లో శాస్త్ర, సాంకేతిక సిబ్బంది నాలుగు గ్రూపులు. పదో తరగతి, ఐటీఐతో చేరే టెక్నీషియన్లు రెండో గ్రూపు. డిప్లొమా, బీఎస్సీతో వచ్చే టెక్నికల్ అసిస్టెంట్లు, వాళ్ల పైన టెక్నికల్ ఆఫీసర్లు మూడో గ్రూపు. శాస్త్రవేత్తలు నాలుగో గ్రూపు. ఫ్రాస్కాటీ అర్థంలో టెక్నీషియన్ అంటే ఎక్కువగా ఈ మూడో గ్రూపువాళ్లే. ఆ పేరు మోస్తున్న రెండో గ్రూపులో కొందరు అటు, కొందరు ఇటు.

కంచన్‌బాగ్ వైపు డీఆర్‌డీవో ల్యాబుల్లోనూ ఇదే తంతు. అక్కడ శాస్త్రవేత్తల క్యాడర్ వేరు, డీఆర్‌టీసీ అనే సాంకేతిక క్యాడర్ వేరు. ఐటీఐ ఫిట్టరు, టర్నరు, వెల్డరు టెక్నీషియన్-ఎ గా చేరతారు. డిప్లొమా, బీఎస్సీవాళ్లు సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్-బి గా చేరతారు. బల్ల మీద పేరు చూసి లెక్కపెడితే ఫిట్టరు టెక్నీషియను. చేసే పని చూసి లెక్కపెడితే అసిస్టెంటు టెక్నీషియను. ఏ దేశం ఏది చూసి లెక్కపెట్టిందో తెలియకుండా పోలిక మొదలుపెట్టకూడదు.

ఇక ఫార్మా. మా మేనల్లుడు జీడిమెట్లలో, మందులోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ యంత్రం మీద పనిచేస్తాడు. పొద్దున్నే మొబైల్ ఫేజ్ కలిపి, వడగట్టి, సోనికేటర్‌లో పెట్టి గాలి తీసి, కాలమ్ ఎక్కించి, పీకులు కొలుస్తాడు. మూడేళ్లు క్యూసీలో, అంటే నాణ్యత తనిఖీలో చేశాడు, నిరుడు ఏఆర్‌డీకి, అంటే అనలిటికల్ ఆర్ అండ్ డీకి మారాడు. పరికరం అదే, చేతిపని అదే, మధ్యాహ్నం క్యాంటీన్ అదే. అయినా క్యూసీలో ఉన్నంత కాలం అతను ఆర్ అండ్ డీ లెక్కలోకే రాడు. తయారైన బ్యాచ్ సరిగ్గా ఉందా లేదా అని చూసే రోజువారీ పరీక్ష ఆర్ అండ్ డీ కాదు. కొత్త మందుకు కొత్త పరీక్షా పద్ధతి కనిపెట్టే విభాగంలో అడుగుపెట్టిన రోజు లెక్కలోకి వచ్చాడు. కొత్తదనం, సృజన, ఫలితం ముందే తెలియకపోవడం, ఒక పద్ధతి ప్రకారం సాగడం, ఇంకొకరు తిరిగి చెయ్యగలగడం: ఈ ఐదూ ఉంటేనే ఆర్ అండ్ డీ అంటుంది మాన్యువల్. క్లినికల్ ట్రయల్స్‌లో మొదటి మూడు దశలు ఆర్ అండ్ డీ కిందికి వస్తాయి. మందు మార్కెట్లోకి వచ్చాక జరిగే నాలుగో దశ మామూలుగా రాదు. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసే ల్యాబ్ టెక్నీషియన్ కూడా రాడు. ఈ చివరి ముక్క మరిచిపోయి వైద్య టెక్నీషియన్లందరినీ కలిపేసిన పట్టికలు చాలానే చూశాను.

మేనల్లుడి విషయంలో ఇంకో మెలిక. అతను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ. గ్రూప్ లీడర్ రాసిచ్చిన ప్రోటోకాల్ ప్రకారం పనిచేస్తాడు కాబట్టి చేసేది టెక్నీషియన్ పని. సర్వే ఫారం నింపే హెచ్‌ఆర్ వాళ్లు డిగ్రీ చూసి పరిశోధకుల గడిలో వేస్తే? జర్మనీలో అదే బల్ల దగ్గర మూడున్నరేళ్ల అప్రెంటిస్ శిక్షణ పొందిన కెమీలాబొరాంట్ ఉంటాడు. అతణ్ని ఎవరూ పరిశోధకుడు అనరు. అంటే ఒకే పని ఒక దేశంలో పరిశోధకుల అంకెను, ఇంకో దేశంలో టెక్నీషియన్ల అంకెను పెంచొచ్చు. పీహెచ్‌డీ విద్యార్థులు మాత్రం, రాత్రంతా పరికరం దగ్గర కాపలా కూర్చున్నా, మాన్యువల్ దృష్టిలో పరిశోధకులే.

సరిహద్దు సంగతి కూడా చూసుకోండి. హైటెక్ సిటీలో ఒక విదేశీ కంపెనీ ఆర్ అండ్ డీ కేంద్రం పెడితే, ఫలితం ఏ దేశానికి పోయినా అక్కడి సిబ్బంది భారతదేశం లెక్కే. పటాన్‌చెరులో 1972 నుంచి ఉన్న ఇక్రిశాట్ అంతర్జాతీయ సంస్థ. మాన్యువల్ నియమం ప్రకారం అలాంటివి దేశం లోపలే ఉన్నా మిగతా ప్రపంచం ఖాతాలోకి పోతాయి. జొన్న చేలో పొద్దస్తమానం కంకులు కొలిచే సంగారెడ్డి జిల్లా కుర్రాడు లెక్క ప్రకారం మన దేశంలో లేనట్టే.

మూడో అడుగు: అంకె పుట్టిన చోటు దాకా వెళ్లండి

అందరూ ప్రపంచ బ్యాంకు వెబ్‌సైట్‌తో మొదలుపెడతారు. తప్పులేదు. అక్కడ వెతుకు పెట్టెలో టెక్నీషియన్స్ ఇన్ ఆర్ అండ్ డీ అని కొడితే, పది లక్షల జనాభాకు ఎంతమంది అన్న సూచిక వస్తుంది. రెండు దేశాలనూ ఎంచుకుని ఎక్సెల్ గానీ సీఎస్‌వీ గానీ దించుకోండి. సీఎస్‌వీలో పైన కొన్ని వరుసలు ఫైలు వివరాలే ఉంటాయి, శీర్షికల వరుస వాటి కింద మొదలవుతుంది. దానితో పాటు వచ్చే మెటాడేటా ఫైలును తెరవకుండా పక్కన పడెయ్యకండి. నిర్వచనం, మూలం అందులోనే ఉంటాయి.

ప్రపంచ బ్యాంకు ఈ లెక్కలు స్వయంగా సేకరించదు. యునెస్కో గణాంక సంస్థ నుంచి తెచ్చుకుంటుంది. ఆ సంస్థకు దేశాలు ఇస్తాయి. మన దేశంలో ఈ పని శాస్త్ర, సాంకేతిక శాఖ కింద ఉండే ఎన్‌ఎస్‌టీఎంఐఎస్ విభాగానిది. పరిశోధనశాలలకు, కంపెనీలకు ఫారాలు పంపి జవాబులు కూడుతుంది. కొరియాలో ఏటేటా జాతీయ సర్వే జరుగుతుంది. అంటే మీ తెర మీద కనిపించే అంకె వెనక మూడు చేతులున్నాయి. చివరి చెయ్యి, ఫారం నింపినవాళ్లది.

ఓఈసీడీ పట్టికలు ఇంకా వివరంగా ఉంటాయి. కొరియా 1996 నుంచి అందులో సభ్యదేశం. భారత్ సభ్యదేశం కాదు. అందుకని ఒక దేశం అంకె ఓఈసీడీ నుంచి, ఇంకో దేశం అంకె ఇంకెక్కడి నుంచో తెచ్చి అతికించకండి. రెండూ యునెస్కో నుంచే తీసుకోండి. ఓఈసీడీని, దేశాల సొంత నివేదికలను సరిచూసుకోవడానికి పక్కన పెట్టుకోండి.

సరిచూడటం ఎలాగో ఒకటి చేసి చూపిస్తాను. మన శాస్త్ర, సాంకేతిక శాఖ లెక్కలో పది లక్షల జనాభాకు పరిశోధకులు 2000లో 110, 2015లో 218, 2017లో 255. 2017 నాటికి జనాభా సుమారు 134 కోట్లు అనుకుంటే, అంటే 1,340 పది లక్షలు, 255తో గుణిస్తే 3,41,700. అదే శాఖ 2018 ఏప్రిల్ 1 నాటికి పరిశోధకులు సుమారు 3.42 లక్షలు అంటుంది. రెండూ అతికాయి కాబట్టి మనం సరైన దారిలో ఉన్నట్టే.

అదే నివేదికలో ఆర్ అండ్ డీ సంస్థల్లో పనిచేసే మొత్తం సిబ్బంది సుమారు 5.52 లక్షలు. ఇక్కడే కొత్తవాళ్లు జారిపోతారు. 5.52 లోంచి 3.42 తీసేసి, మిగిలిన 2.10 లక్షలూ టెక్నీషియన్లేనని రాసేస్తారు. కాదు. మన సర్వే మూడు గడులు వేరు: ఆర్ అండ్ డీ చేసేవాళ్లు, అనుబంధ పనులవాళ్లు, పరిపాలనవాళ్లు. ఆ 2.10 లక్షల్లో అకౌంట్స్ సెక్షన్ గుమాస్తా, స్టోర్స్ కీపరు కూడా ఉంటారు. యునెస్కో టెక్నీషియన్ల పేరుతో విడిగా ఇచ్చిన అంకెనే వాడండి. అది ఖాళీగా ఉంటే ఖాళీగానే వదిలెయ్యండి.

ఖాళీ గడి అంటే సున్నా కాదు. ప్రపంచ బ్యాంకు డేటాబ్యాంక్‌లో అలాంటి చోట రెండు చుక్కలు కనిపిస్తాయి. ఆ చుక్కల్ని వెతికి సున్నాలతో మార్చేసే తెలివైన పని ఒకసారి మా ఆఫీసులో జరిగింది. ఒక దేశం మూడేళ్లపాటు టెక్నీషియన్లే లేకుండా బతికింది.

నాలుగో అడుగు: తలలెక్కా, ఎఫ్‌టీఈనా?

నా గ్రాఫు పరువు తీసింది ఇదే.

హెడ్‌కౌంట్ అంటే తలలెక్క. ఆర్ అండ్ డీలో ఏ కాస్త పాలు పంచుకున్నా ఒక మనిషి, ఒక అంకె. ఎఫ్‌టీఈ అంటే పూర్తికాలపు పనికి సమానంగా కుదించిన లెక్క. ఏడాదిలో 30 శాతం సమయం పరిశోధనకు ఇచ్చిన మనిషి 0.3. ఆరు నెలలు పూర్తిగా చేసి మానేసినవాడు 0.5. ఓవర్‌టైం చేసి రోజుకు పన్నెండు గంటలు ల్యాబులోనే ఉన్నా ఒక మనిషి 1 దాటకూడదు.

ఒక విశ్వవిద్యాలయంలో కెమిస్ట్రీ విభాగాన్ని ఊహించుకోండి. పది మంది టెక్నీషియన్లు. నలుగురు పరిశోధన ల్యాబుల్లోనే ఉంటారు. మిగతా ఆరుగురు సగం రోజు బీఎస్సీ పిల్లల ప్రాక్టికల్స్‌కు బ్యూరెట్లు, పిపెట్లు సర్దుతారు, సగం రోజు పరిశోధన వైపు. తలలెక్క 10. ఎఫ్‌టీఈ నాలుగు, దానికి ఆరు సగాలు కలిపితే 7. మనుషులు వాళ్లే, గది అదే, కానీ ఒక లెక్క ఇంకోదానికన్నా 43 శాతం ఎక్కువ. ఇప్పుడు ఒక దేశానికి 10, ఇంకో దేశానికి 7 తీసుకుంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

యునెస్కో రెండు రకాలూ ఇస్తుంది. సూచిక పేరు చివర ఏముందో చూసి, రెండు దేశాలకూ ఒకటే తీసుకోండి. దేశాల పోలికకు ఎఫ్‌టీఈయే మేలు. విశ్వవిద్యాలయాల వాటా ఎక్కువున్న దేశంలో తలలెక్క బాగా ఉబ్బుతుంది, ఎందుకంటే అక్కడ పాఠాలకు, పరిశోధనకు సిబ్బంది ఒకరే. రెండు దేశాలకూ ఒకే రకం దొరక్కపోతే ఆ పోలిక మానుకోండి. ఒక దేశం నిష్పత్తి తెచ్చి ఇంకో దేశపు తలలెక్కను ఎఫ్‌టీఈగా మార్చడం ఊహే తప్ప లెక్క కాదు.

ఐదో అడుగు: ఏళ్లు, విరుపులు

కొరియాకు ఏటా ఒక అంకె ఉంటుంది. మనకు సర్వేలు కొన్నేళ్లకొకటి. అందుకే మన వరుసలో మధ్యలో గడులు ఖాళీ. "తాజా అంకె" అని రెండు దేశాలకూ చివరి గడి తీసుకుంటే, ఒకటి 2018ది, ఒకటి మొన్న మొన్నటిది కావొచ్చు. ముందు మన అంకె ఉన్న సంవత్సరం పట్టుకుని, కొరియాలోనూ అదే సంవత్సరం తీసుకోండి. ఏడాది తేడా అయితే సర్దుకుంటాను, రెండేళ్లయితే కింద రాస్తాను, అంతకు మించితే పోల్చను. మన లెక్క ఏప్రిల్ 1 నాటిదన్నది కూడా గుర్తుంచుకోండి.

ఒకే దేశపు వరుసలోనూ విరుపులుంటాయి. చైనా 2009లో పరిశోధకుల నిర్వచనాన్ని ఫ్రాస్కాటీకి సరిపోయేలా మార్చింది. అంతకుముందు లెక్క శాస్త్రవేత్తలు, ఇంజనీర్లు అన్న పాత పద్ధతిలో ఉండేది. ఆ ఏడాది అంకె ఒక్కసారిగా పడిపోయింది. ల్యాబుల్లోంచి ఎవరూ వెళ్లిపోలేదు, గంప మారింది. కొరియా 2007కు ముందు సామాజిక, మానవీయ శాస్త్రాలను లెక్కలోకి తీసుకునేది కాదు. 2006, 2007 మధ్య కనిపించే పెరుగుదలలో కొంత ఆ చేర్పుదే. గ్రాఫు గీసేటప్పుడు అలాంటి చోట గీతను తెంపండి. చూడ్డానికి బాగుండదు, అయినా తెంపండి.

ఆరో అడుగు: కింది అంకె

పది లక్షల జనాభాకు అన్నప్పుడు పైన ఉన్న టెక్నీషియన్ల మీదే అందరి కళ్లూ. కింద ఉన్న జనాభా కూడా ఒక అంచనాయే. 2011 జనాభా లెక్కల్లో మనం 121 కోట్లు. 2021లో జరగాల్సిన గణన వాయిదా పడింది. ఐక్యరాజ్యసమితి అంచనాల ప్రకారం 2023లో 142 కోట్లు దాటి చైనాను మించాం. టెక్నీషియన్లు 1,40,000 మంది అని ఊరికే ఒక అంకె అనుకోండి, అసలు లెక్క కాదు. 121 కోట్లతో భాగిస్తే పది లక్షలకు 116. 142.8 కోట్లతో భాగిస్తే 98. ఒక్క మనిషిని కూడా కదపకుండా వందకు ఇటూ అటూ అయిపోయాం. పై అంకె ఏ సంవత్సరానిదో జనాభా కూడా ఆ సంవత్సరానిదే కావాలి, రెండు దేశాలకూ ఒకే మూలం నుంచి రావాలి.

మన బడిలో లక్షలు, కోట్లు, అక్కడి పట్టికల్లో మిలియన్లు. మిలియన్ అంటే పది లక్షలు, వంద మిలియన్లయితే పది కోట్లు. నవ్వుకోకండి, ఒక సున్నా తేడాతో అచ్చయిపోయిన పట్టికలున్నాయి.

కొరియా జనాభా సుమారు 5.17 కోట్లు. అక్కడ కొత్తగా వెయ్యి మంది టెక్నీషియన్లు చేరితే సూచిక 19 దాకా పెరుగుతుంది. ఇక్కడ అదే వెయ్యి మంది చేరితే ఒకటి కూడా పెరగదు, 0.7 దగ్గర ఆగుతుంది. జీనోమ్ వ్యాలీలో నాలుగు కొత్త ల్యాబులు తెరిచినా మన జాతీయ అంకె ఉలకదు, పలకదు. అందుకే చిన్న దేశాల ఎగుడుదిగుడులను చూసి, మన దగ్గర ఏమీ జరగడం లేదని తేల్చెయ్యకండి.

ఏడో అడుగు: లెక్క కట్టడం

ఒక షీటు తెరిచి ఒక్కో దేశానికి ఒక్కో వరుస పెట్టండి. నిలువు గడుల్లో సంవత్సరం, తలలెక్కా ఎఫ్‌టీఈనా, టెక్నీషియన్లు, పరిశోధకులు, జనాభా, మూలం, విరుపు ఏమైనా ఉందా అన్నవి రాయండి. విరుపు గడి ఖాళీగా ఉండకూడదు, లేకపోతే "లేదు" అని రాయండి. చూసి రాశామో, చూడకుండా వదిలేశామో ఆరు నెలల తర్వాత మనకే గుర్తుండదు.

ముందు పది లక్షలకు ఎంతమందో కట్టండి. తర్వాత వంద మంది పరిశోధకులకు ఎంతమంది టెక్నీషియన్లో కట్టండి. రెండోదానికి జనాభా అక్కర్లేదు కాబట్టి జనాభా అంచనాల గొడవ ఉండదు. నాకు ఈ నిష్పత్తి మీద నమ్మకం ఎక్కువ.

ఎందుకో చూడండి. రెండు ఊహా దేశాలు. మొదటిదానిలో పది లక్షలకు 3,000 మంది పరిశోధకులు, 300 మంది టెక్నీషియన్లు. రెండోదానిలో 250, 100. టెక్నీషియన్ల సాంద్రతలో మొదటి దేశం మూడింతలు. కానీ వంద మంది పరిశోధకుల వెనక మొదటి దేశంలో 10 మంది, రెండోదానిలో 40 మంది. మొదటి దేశంలో పరిశోధకుడే ఫ్లాస్కు కడుక్కుని, యంత్రం బాగు చేసుకుని, రీడింగులు రాసుకుంటున్నాడేమో. లేదా అక్కడ యంత్రాలు ఎక్కువ పని చేసిపెడుతున్నాయేమో. రెండో దేశంలో మెషీన్ పక్కన మనిషి ఉన్నాడు. లేదా అక్కడ మా నాన్నలాంటి వాళ్లందరినీ టెక్నీషియన్ గంపలో వేశారు. నిష్పత్తి కారణం చెప్పదు, ఎక్కడ తవ్వాలో చూపిస్తుంది.

తెలుగులో రాసేటప్పుడు ఇంకో జాగ్రత్త. "మూడు రెట్లు ఎక్కువ" అంటే 100కు 300 అని కొందరు, 400 అని కొందరు చదువుతారు. "మూడింతలు" అనండి, తగాదా ఉండదు. పది లక్షలకు 115.7 మంది అని దశాంశాలు కూడా పెట్టకండి. ఫారం నింపిన చెయ్యికి అంత కచ్చితత్వం లేదు.

ఎనిమిదో అడుగు: రంగాలవారీగా విడదీయండి

మొత్తం అంకె ఆశ్చర్యంగా ఉంటే దాన్ని నాలుగు ముక్కలు చెయ్యండి: వ్యాపార సంస్థలు, ప్రభుత్వం, ఉన్నత విద్య, లాభాపేక్ష లేని సంస్థలు. కొరియాలో పరిశోధన ఖర్చులో మూడొంతులకు పైగా కంపెనీలలోనే జరుగుతుంది. మన దగ్గర 2020-21లో కేంద్ర ప్రభుత్వ వాటా 43.7 శాతం, ప్రైవేటు పరిశ్రమలది 36.4 శాతం, ఉన్నత విద్యది 8.8 శాతం. మొత్తం ఖర్చు చూస్తే మనది జీడీపీలో 0.64 శాతం, కొరియాది దాదాపు 5 శాతం. ప్రభుత్వ ల్యాబులో క్యాడర్ పేర్లు స్థిరంగా ఉంటాయి, ఫారం నింపడం తేలిక. కంపెనీలో ఏడాదికోసారి హోదాల పేర్లు మారతాయి. ఏ రంగం జవాబులు పంపలేదో, దేన్ని అంచనా వేశారో యునెస్కో పట్టికలో అంకె పక్కన గుర్తు ఉంటుంది. ఆ గుర్తును మీ షీటులోకి కూడా మోసుకెళ్లండి.

చివరి అడుగు: వాక్యం రాయడం

ఇంత చేశాక "కొరియా కన్నా భారత్ వెనకబడింది" అని ఒక్క ముక్కలో రాస్తే చేసిందంతా బూడిదలో పోసినట్టే. నా వాక్యం ఇలా ఉంటుంది: "ఫలానా సంవత్సరంలో, ఎఫ్‌టీఈ లెక్కన, యునెస్కో గణాంకాల ప్రకారం, పది లక్షల జనాభాకు ఆర్ అండ్ డీ టెక్నీషియన్లు ఈ దేశంలో ఇంతమంది, ఆ దేశంలో ఇంతమంది. వంద మంది పరిశోధకులకు చూస్తే ఇంత, అంత. ఈ దేశం సర్వే ఏప్రిల్ 1 నాటిది." సంవత్సరం, కొలత, మూలం, రెండు నిష్పత్తులు, ఒక హెచ్చరిక. వీటిలో ఏది లేకపోయినా చదివేవాళ్లకు సరిచూసుకునే దారి ఉండదు.

గ్రాఫు పెడితే అంకెలుండే నిలువుగీత సున్నా నుంచి మొదలుపెట్టండి. రెండు దేశాలకు రెండు వేర్వేరు కొలబద్దలు పెట్టకండి.

పోయిన నెల నాన్నకు ఈ షీటు చూపించాను. కళ్లజోడు సర్దుకుని వరుసలన్నీ వేలితో చదివి, "మరి నేనెక్కడ?" అన్నారు. మూడో గంప చూపించాను. కాసేపు చూసి, "స్టోర్స్ రామిరెడ్డి కూడా ఇందులోనేనా?" అని అడిగారు. అవునన్నాను. "అయితే పర్లేదులే" అని టీ అందుకున్నారు.